ఏ చేత్తో తీశాడు?

కిందటివారం ప్రశ్నల మేడమ్‌ను వంటింట్లో, చేతిలో పాలగిన్నె మూతతో వదిలిపెట్టాం. ఆవిడ అలా కొయ్యబారిపోవడానికి కారణం తెలియాలంటే పదకొండు రోజులు వెనక్కి వెళ్ళాలి.

మనస్తత్వశాస్త్రం మొదటి సంవత్సరం పిల్లల కోసం ఆవిడ ఏటా క్లాసులో ఒక చిన్న నాటకం ఆడిస్తుంది. పాఠం మధ్యలో ప్రయోగశాల అటెండరు, అందరూ తాళాల బాబాయ్ అని పిలిచే పెద్దాయన, తలుపు తోసుకుని వస్తాడు. మేడమ్‌తో పోట్లాట పెట్టుకుంటాడు. బల్లమీదున్న చిన్న చెక్కపెట్టె లాక్కుని వెళ్ళిపోతాడు. పిల్లలు వెళ్ళబెట్టిన నోళ్ళు మూసుకోకముందే తెల్లకాగితాలు పంచుతారు. చూసింది మీ మాటల్లో రాయండి అంటారు. పది నిమిషాల తరవాత పది ప్రశ్నల అచ్చుకాగితం ఇస్తారు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి, కళ్ళారా చూసినదాన్ని ఎంతవరకు నమ్మవచ్చో ఆవిడ పాఠం చెబుతుంది. తొమ్మిదేళ్ళు నాటకం నాటకంలాగే నడిచింది. పదో ఏడు పెట్టె నిజంగానే మాయమైంది.

అందులో ఉండేది సెకనును వంద ముక్కలు చేసి చూపించే ఇత్తడి గడియారం. డిపార్టుమెంటు పెట్టినాయన పట్టుబట్టి తెప్పించినది. అలాంటివి ఇప్పుడు ఎవరూ చెయ్యరు.

ఆ రోజు ఇంకో తేడా కూడా ఉంది. నాటకానికి పావుగంట ముందు బాబాయ్ వచ్చి, "అమ్మా, ఈమధ్య చేతులు వణుకుతున్నాయి. పెట్టె నేను ముట్టుకోను. పడిందంటే మళ్ళీ దొరికేది కాదు" అన్నాడు. సరే, పెట్టెకు బదులు ఎర్ర అట్ట హాజరు రిజిస్టరు పట్టుకెళ్ళమంది మేడమ్. నాటకం మార్చింది గానీ ప్రశ్నలు మార్చలేదు. అప్పటికే నలభై ఒక్క కాపీలు తీయించి పెట్టుకుంది.

విచారణ కమిటీ ఆ నలభై ఒక్క కాపీలనే లెక్కబెట్టింది. నాలుగో ప్రశ్న: పెట్టెను ఏ చేత్తో తీశాడు? కుడిచేత్తో అని ఇరవైతొమ్మిది మంది, ఎడమచేత్తో అని ఏడుగురు, గమనించలేదని అయిదుగురు. ముప్ఫై ఆరుగురు సాక్షులు. నాటకంలో పెట్టె తీయడం లేదని మేడమ్ చెబితే, అయితే నాటకంలో లేని పని చేశాడన్నమాట అన్నారు. బాబాయ్ రిటైర్‌మెంటుకు ఎనిమిది నెలలుంది. కమిటీ సంతకాలు పడితే ముప్ఫై ఒక్క ఏళ్ళ నౌకరీ దొంగ అన్న ఒక్క మాటతో ముగుస్తుంది.

ఆ సంతకాల రోజు పొద్దున్నే వంటింట్లోంచి అత్తగారు కేకేసింది.

"పాలగిన్నె మీద మూత ఎందుకు తీశావమ్మాయ్?"

"పొంగుతాయని, అత్తయ్యా" అంది మేడమ్, పక్కగదిలో చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ.

అన్నాక వచ్చి చూసింది. గట్టుమీద మూత ఉంది. తను లేచినప్పటినుంచి వంటింట్లో అడుగే పెట్టలేదు. మూత తను తియ్యలేదు. అయినా ఎందుకు తీసిందో తడుముకోకుండా చెప్పేసింది. మూత చేతిలోకి తీసుకుని అక్కడే నిలబడిపోయింది.

*

కమిటీ ప్రయోగశాల పక్కగదిలో కూర్చుంది. ఒక గోడకు అద్దాల బీరువా, అందులో గుండ్రంగా తిప్పే రంగుల అట్టలు, టక్‌టక్‌మని కొట్టడం ఆగిపోయిన తాళమాన యంత్రం, ప్లాస్టరుతో చేసిన మనిషి మెదడు. ఆ మెదడుకు ముందు ముక్క ఎప్పుడో పోయింది. ఖాళీలో ఎవరో గుండుసూదులు దాచుకుంటున్నారు.

మధ్య కుర్చీలో ప్రిన్సిపాల్. ఆయనది రసాయనశాస్త్రం. కుడివైపు పావురాల సారు. పదిహేనేళ్ళు పావురాల చేత మీటలు నొక్కించి గింజలు వేసినాయన. పావురాలు పోయినా పేరు పోలేదు. మనిషి లోపల ఏమనుకున్నాడో మనకనవసరం, బయటికి ఏం చేశాడో అదొక్కటే శాస్త్రం అంటాడు. ఎడమవైపు కలల సారు. చేసిన పని పైపొట్టు, అసలు సంగతి మనిషికే తెలియని అడుగున ఉంటుంది అంటాడు. ఇరవై ఏళ్ళలో ఈ ఇద్దరూ ఏకమైంది రెండే విషయాల్లో: ఒకటి టీ వేళ, రెండు బాబాయ్ దొంగతనం. తీశాడు కాబట్టి దొంగ అని ఒకాయన, తీయాలని ఎప్పటినుంచో లోపల ఉండి ఉంటుందని ఇంకొకాయన.

బాబాయ్ తలుపు పక్కన స్టూలు మీద ఒదిగి కూర్చున్నాడు. తాళాలగుత్తి లాగేసుకున్నప్పటినుంచి ఆయన నడుముకు ఒకవైపు బరువు తప్పిపోయినట్టు, కాస్త వంకరగా నడుస్తున్నాడు.

"రండి మేడమ్. ఇక్కడ, ఇక్కడ రెండు సంతకాలు. అయిపోతుంది" అన్నాడు ప్రిన్సిపాల్.

"అయిపోయేముందు సారును ఒక మాట అడగాలండీ." మేడమ్ పావురాల సారువైపు తిరిగింది. "ఇందాక లోపలికొచ్చి ఆ కిటికీ ఎందుకు మూశారు సార్?"

"దుమ్ము కొడుతోంది కదండీ."

"ఆ చెక్క వానలకు ఉబ్బి కిందటేడే బిగుసుకుపోయింది సార్. మూసి ఏడాదవుతోంది. మీరు దాని దగ్గరికే వెళ్ళలేదు."

పావురాల సారు కిటికీని చూశాడు. కిటికీ తనకేం తెలియనట్టు మూసుకుని ఉంది.

"అదేమిటి... మీరు అడిగిన తీరు అలా ఉంది. మూశారా అనకుండా ఎందుకు మూశారంటే..."

"ఆ మాటే నాక్కావలసింది. ప్రిన్సిపాల్ గారూ, సారు అన్నది అన్నట్టు రాసుకోండి."

కలల సారు మీసంలో నవ్వుకున్నాడు. "నా విషయంలో కిటికీ ఎత్తకండి మేడమ్, నేను మూసే ఉంటాననుకుంటాను."

మేడమ్ భుజానున్న చిన్న చేతిసంచిలోంచి దారం కట్టిన కాగితాల కట్ట తీసి బల్లమీద పెట్టింది. అచ్చు ప్రశ్నలకంటే ముందు పిల్లలు సొంత మాటల్లో రాసిన కాగితాలు. పదకొండు రోజులుగా వాటిని ఎవరూ చూడలేదు. లెక్క తేలేది ప్రశ్నల కాగితాల్లో కాబట్టి అందరూ అవే పట్టుకున్నారు. ఆవిడ కూడా. ఈ పొద్దున పాలు పొంగుతుండగా వంటగట్టు మీద పరుచుకుని మొదటిసారి వరసగా చదివింది.

"ఇందులో నలభై మంది సంగతి చెబుతాను. తలుపు దబ్బున తెరుచుకుందని అందరూ రాశారు. బాబాయ్ అరిచాడని రాశారు. ముప్ఫై నలుగురు ఎర్ర రిజిస్టరు పట్టుకెళ్ళాడన్నారు. మిగిలినవాళ్ళు ఏదో పుస్తకం అన్నారు. పెట్టె తీశాడని ఒక్కరూ, ఒక్కరంటే ఒక్కరు, రాయలేదు. పది నిమిషాల తరవాత నేను ఏ చేత్తో తీశాడు అని అడిగాను. తీశాడా అని అడగలేదు. ఏ చేత్తో అన్నాను. పాపం, పిల్లలు వెతుక్కుని ఒక చెయ్యి ఇచ్చారు."

"లేనిది ఎలా గుర్తొస్తుందండీ?" అన్నాడు ప్రిన్సిపాల్.

"చుక్కలు దగ్గరదగ్గరగా పెడితే గీత కనిపిస్తుంది కదా సార్. గీత మనం గియ్యం. మనసు విడి ముక్కల్ని చూసి ఊరుకోదు, బొమ్మ పూర్తి చేసుకుంటుంది. నేను పెట్టె, చెయ్యి అని రెండు చుక్కలు పెట్టాను."

"ఇది ఆ సారు వాదమా, ఈ సారు వాదమా?"

"ఇద్దరిదీ కాదండీ. మూడోది."

"మీ శాస్త్రంతో వేగలేను బాబూ. మాకు హైడ్రోజనంటే ఎవరికైనా హైడ్రోజనే. మీ దగ్గర గదికో మతం!"

పావురాల సారు ఈలోగా తేరుకున్నాడు. "మేడమ్, ఒక సందేహం. మీ వ్యాసంలో, అదే, డిపార్టుమెంటు హెడ్ పోస్టుకు మీరు జతపరిచిన వ్యాసంలో, ఏమని రాశారు? సూటిగా ప్రశ్న అడిగితే జ్ఞాపకం పదును తేలుతుందని కదూ? తొమ్మిదేళ్ళ ఫలితాలని కదూ?"

"అవును."

"ఇప్పుడు మీరే..."

"తప్పు రాశాను సార్. పదును తేలిందో, నేను ఇచ్చింది నాకే తిరిగొచ్చిందో ఆ తొమ్మిదేళ్ళూ చూసుకోలేదు. పత్రికవాళ్ళకు ఉత్తరం నేనే రాస్తాను. దరఖాస్తు వెనక్కి తీసుకుంటాను."

ఆవిడ ఈ మాటలు చాకలిపద్దు చదివినట్టు చదివింది. పొద్దున గిన్నెలు కడుగుతూ నాలుగుసార్లు అనుకుని వచ్చింది. నాలుగోసారికి ఏమీ అనిపించలేదు. స్టూలు మీద బాబాయ్ మాత్రం తల దించుకున్నాడు.

"సరే" అన్నాడు పావురాల సారు. "బాబాయ్ తియ్యలేదు. ఒప్పుకున్నాను. మరి పెట్టె ఏమైంది? రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?"

"ఎగిరేవాటి సంగతి మీకే తెలియాలి" అన్నాడు కలల సారు.

ప్రిన్సిపాల్ నవ్వలేదు. ఆయన వేళ్ళతో ఏదో లెక్క చూసుకుంటున్నాడు. "నలభై అన్నారు. క్లాసులో నలభై ఒక్కరు కదా?"

మేడమ్ కట్ట అడుగునుంచి ఒక కాగితం లాగింది. పైన ఎర్రసిరాతో సున్నా, పక్కన తన చేతిరాతే: *ఇది కాదు రాయమన్నది.*

"చివరి బెంచీ అమ్మాయిది. జ్వరమొచ్చి నాలుగు క్లాసులు మానేసింది. మానెయ్యకముందు చెప్పిన పాఠం మా శాస్త్రంలో అన్నిటికంటే పాత వాదం. వాళ్ళ పద్ధతి ఏమిటంటే, వస్తువు పేరు చెప్పకూడదు. కుర్చీ అన్నామంటే అది మనకు ముందే తెలిసిన సంగతి. కంటికి నిజంగా అందింది రంగు, ఆకారం, కదలిక. అది మాత్రమే చెప్పాలి. ఈ పిల్ల నాలుగు క్లాసుల తరవాత వచ్చి, ఇంకా అదే నడుస్తోందనుకుని, జరిగిందంతా ఆ పద్ధతిలో రాసింది. ఆ రోజు క్లాసులో కాగితాలు పోగుచేస్తూనే రెండు లైన్లు చూసి సున్నా వేసి పక్కన పడేశాను. పొద్దున కూడా దీన్ని ముట్టుకోలేదు."

"చదవండి" అన్నాడు ప్రిన్సిపాల్.

ఆవిడ చదివింది.

"'ముదురు గోధుమరంగు. నాలుగు మూలలు. ఒక అంచుమీద వెలుతురు గీత. పైకి లేచింది. ఎడమకు జరిగింది. కింద ఆకుపచ్చ, మెత్తనిది, తెరుచుకుని ఉంది...'"

అక్కడ ఆగింది. ఆగింది ఎంతసేపో, ఆ ఇత్తడి గడియారముంటే వందో వంతుతో సహా చెప్పేది. బల్ల దగ్గరున్న ముగ్గురికీ అది ఇంకా రంగుల గొడవే. మడిచి కట్టలో పెట్టేస్తే ఎవరూ అడగరు. బాబాయ్ ఎలాగూ బయటపడ్డాడు. ఈ కాగితం లేకపోయినా బయటపడినట్టే.

"'గోధుమరంగు ఆకుపచ్చలోకి దిగిపోయింది. వెలుతురు గీత ఆరిపోయింది. తరవాత పెద్ద చప్పుడు, చెక్కమీద చెక్క. లావు గొంతు. ఎరుపు, పలచనిది, ఊగుతూ కుడివైపుకు వెళ్ళిపోయింది. మళ్ళీ చప్పుడు.'"

"కవిత్వమా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"కాదండీ. సాక్ష్యం. చెక్కమీద చెక్క అంటే తలుపు గోడకు కొట్టుకోవడం, బాబాయ్ రావడం. ఊగుతూ వెళ్ళిన ఎరుపు రిజిస్టరు. నాలుగు మూలల గోధుమరంగు పెట్టె. పెట్టె కదిలింది తలుపు చప్పుడుకు ముందు. అంటే బాబాయ్ లోపలికి రాకముందే బల్లమీద పెట్టె లేదు."

"మరి ఆకుపచ్చ?"

ఆవిడ నోరు తెరవబోయింది. పావురాల సారు ముందే అందుకున్నాడు. చూసిందాన్ని తప్ప దేన్నీ నమ్మని మనిషి కదా, చూడటంలో లోటు లేదు.

"సంచి. మేడమ్ రికార్డులు వేసుకునే ఆకుపచ్చ గుడ్డసంచి. బల్ల పక్కన కుర్చీమీద పెడతారు. ఎడమవైపు."



"మీరే పెట్టుకున్నారా మేడమ్?" అన్నాడు ప్రిన్సిపాల్, ఈసారి జాగ్రత్తగా, ఎక్కడా ఎందుకు, ఎలా రాకుండా.

"పెట్టుకున్నట్టు గుర్తు లేదు. కానీ పెట్టే ఉంటాను. పెట్టెతో పని లేదనుకున్నాను కదా, గొడవలో పడిపోతుందని పక్కకు తీసి ఉంటాను. ఆ క్షణంలోనే తలుపు చప్పుడైంది. అంతే, తుడిచిపెట్టుకుపోయింది." ఆవిడ లోపల వెతికింది. జ్ఞాపకం రాలేదు. నమ్మకం మాత్రం వచ్చి కూర్చుంది.

"పదకొండు రోజులుగా సంచిలో ఉంటే తెలియలేదా?"

"ఆ సంచిలో నలభై ఒక్క రికార్డు పుస్తకాలున్నాయండీ. ఈ గొడవలో ఒక్కటీ దిద్దలేదు. ఆ రోజు ఇంటికి మోసుకెళ్ళి బీరువా పక్కన దించాను, మళ్ళీ తియ్యలేదు. మోసేటప్పుడంటారా, అది మొదటి నెల పాఠమే. ఖాళీ చేతిలో నిమ్మకాయ పెట్టినా బరువు తెలుస్తుంది. నిండు బిందె మోస్తున్న చేతికి ఇంకో గ్లాసెడు నీళ్ళు తెలియవు."

"పాఠాలు చెప్పేవాళ్ళకే ఇలాంటివి జరుగుతాయి" అన్నాడు కలల సారు, ఎవరినీ చూడకుండా. "మరిచిపోవడం కూడా ఊరికే జరగదు..."

"మీరు ఇప్పుడు మొదలెట్టకండి" అన్నాడు ప్రిన్సిపాల్.

మేడమ్ కుర్చీ వెనక్కి జరిపి స్టూలువైపు తిరిగింది. పదకొండు రోజుల్లో ఆయన ముఖంలోకి నేరుగా చూడటం ఇదే. ముప్ఫై ఆరుగురు అన్నారంటే నిజమేనేమో అని తను కూడా ఒక మూల అనుకుంది. ఆ సంగతి ఆయనకు తెలుసని కూడా తెలుసు.

"బాబాయ్, నేను పెట్టె సంచిలో వేసుకోవడం మీరు చూశారా?"

"చూశానమ్మా. తలుపు సందులోంచి. మీ సైగ కోసం అక్కడే నిలబడి ఉన్నా కదా."

ప్రిన్సిపాల్ బల్ల చరిచాడు. "చూసి, పదకొండు రోజులు నోరు కుట్టేసుకుని కూర్చున్నావా? ఏమయ్యా, పెద్దమనిషివి, ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది?"

"ఎందుకు తీశావని అడిగారయ్యా. ఎక్కడ దాచావన్నారు. ఎవరికిచ్చావన్నారు. చూశావా అని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు."

పావురాల సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. దుమ్మేమీ లేదు. ప్రిన్సిపాల్ తన ముందున్న టైపు కాగితం అందుకుని, సంతకాల చోటు చూసి, రెండుగా చింపాడు. మళ్ళీ రెండు కలిపి నాలుగు చేశాడు. తాళాలగుత్తి సొరుగులోంచి తీసి బల్లమీద ఆ చివరికి తోశాడు. బాబాయ్ లేచి వచ్చి తీసుకున్నాడు గానీ నడుముకు తగిలించుకోలేదు. చేతిలోనే పట్టుకున్నాడు.

అది మేడమ్ గమనించింది. ఇంకోటి కూడా. ఆయన చెప్పిన జవాబు నిజమే. కానీ అది మొత్తం జవాబు కాదు. అడగకపోతే చెప్పని మనిషే అయితే, ఆ రోజు ఎవరూ అడక్కుండానే వచ్చి పెట్టె ముట్టుకోనని ఎందుకు చెప్పాడు?

"ఇంటికి ఫోను చెయ్యండి మేడమ్" అన్నాడు ప్రిన్సిపాల్, మనసు తేలికపడ్డ గొంతుతో. "ఉందని తేలితే ఇక్కడితో ముగించి టీ తాగుదాం."

ఆ గదిలో ఫోను సరిగ్గా పలకదు. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళింది. బాబాయ్ వెనకాలే వచ్చాడు. "ఉండమ్మా, అది అలా రాదు" అని, అరచేతి మడమతో చెక్క అడుగున ఒక్క దెబ్బ కొట్టాడు. ఏడాదిగా రాని కిటికీ తెరుచుకుంది. కొట్టిన చెయ్యి కిటికీ మీదే నిలిచింది. ఏ మాత్రం వణకలేదు.

అవతల ఫోను మోగుతోంది.

"అమ్మా" అన్నాడు బాబాయ్, బయటికి చూస్తూ, పెదవులు కదిలీ కదలనట్టు. "పెట్టె మీ సంచిలోనే ఉంటుంది. గడియారం ఉండదు."

"ఏమిటీ?"

"చాలా రోజులైంది అందులో లేక. ఖాళీపెట్టె. ఎత్తితే చేతికి తెలిసిపోతుందని, తెలియనట్టు నటించడం నావల్ల కాదని, అందుకే ఆ రోజు ముట్టుకోనన్నాను. ఎవరు తీశారో ఈ గదిలో చెప్పలేనమ్మా."

ఆవిడకు ముందు వచ్చిన ఆలోచన అసందర్భమైనది. ఖాళీపెట్టె బరువెంత, సంచికి నిండు బిందె సూత్రం అంత అవసరమే లేకపోయింది. తరవాత వచ్చిన ఆలోచన వేరు. వెనక బల్ల దగ్గర ముగ్గురున్నారు. వాళ్ళలో ఇద్దరి దగ్గర, ప్రయోగశాలలో ఆ పెట్టె ఉంచే బీరువాకు మారుతాళాలున్నాయి.

"హలో, అమ్మాయ్?" ఫోనులో అత్తగారు.

"స్పీకరు పెట్టండి మేడమ్, అందరం విందాం" అన్నాడు పావురాల సారు, కళ్ళద్దాలు పెట్టుకుంటూ. కలల సారు కలం మూత బిగించి జేబులో పెట్టుకున్నాడు. ప్రిన్సిపాల్ ముందుకు వంగాడు.

పెట్టకపోతే ఎందుకు పెట్టలేదంటారు. ఆవిడ పెట్టింది.

"అత్తయ్యా, బీరువా పక్కన ఆకుపచ్చ సంచి ఉంది చూడండి. పుస్తకాల మధ్య చిన్న చెక్కపెట్టె ఏమైనా ఉందా?"

"ఉండు." చెప్పుల చప్పుడు. సంచి ఈడ్చిన చప్పుడు. "అబ్బబ్బ, ఏం మోస్తావమ్మా ఇంత! ఆఁ, ఉంది. అడుగుకు జారిపోయింది. ఇదిగో, తీశాను."

ప్రిన్సిపాల్ హమ్మయ్య అని వెనక్కి వాలాడు. మిగిలిన ఇద్దరూ వాలలేదు. వాళ్ళలో ఎవరు ఫోనును చూస్తున్నారో, ఎవరు బాబాయిని చూస్తున్నారో ఆవిడ తిరిగి చూసేలోపే అత్తగారి గొంతు గదంతా నిండింది.

"చిన్న కొక్కెం ఉంది దీనికి. మూత తియ్యనా?"

కిటికీమీద బాబాయ్ చెయ్యి బిగుసుకుంది. రెండో చేతిలో తాళాలు చిన్నగా చప్పుడు చేశాయి.

"అమ్మాయ్, వినిపిస్తోందా? తియ్యనా, వద్దా?"